చెంచా మీద ఐదు రేకులు

హోటల్లో దిగినవాళ్ళు స్నానం చేసే పెద్ద వేడినీళ్ళ టబ్బులో తేలుతున్న నురగను పొడుగు పిడి జల్లెడతో తీసి బకెట్‌లో దులిపాడు పెద్దాయన. అక్కడ ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. నిన్న ఎవరో ఒళ్ళంతా నూనె పట్టించుకుని వేడినీళ్ళలో దిగినట్టున్నారు, అంచు చుట్టూ జిడ్డు పేరుకుంది.

"స్నానానికొచ్చారో, వేపుడుకొచ్చారో" అని గొణుక్కున్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఆయనది ఒకటే వరస. పాత నీళ్ళు వదిలెయ్యాలి, గోడలు స్పాంజితో రుద్దాలి, ఫిల్టరు విప్పి మడత మడతా కడగాలి, కొత్త నీళ్ళు పట్టి క్లోరిన్ కలపాలి. నీళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియడానికి రంగు మారే కాగితాలు ఇచ్చారు. ముంచి చూస్తాడు కానీ నమ్మడు. ఆయన నమ్మకమంతా తన అన్నం డబ్బాలోని చెంచా మీదే. దాని పిడి మీద ఐదు రేకుల పువ్వుంది. చెంచాని అడుగుకి జారవిడిచి, పైనుంచి రేకులు లెక్కపెడతాడు. ఐదూ కనిపిస్తే నీళ్ళు బాగుపడ్డట్టే.

నెల రోజులుగా ఐదూ కనిపించడం లేదు. అందుకని రోజుకో పిడికెడు క్లోరిన్ ఎక్కువ వేస్తున్నాడు. నిన్న మేనేజరమ్మ పిలిచి, దిగినవాళ్ళ కళ్ళు మండుతున్నాయట, ఈ సాయంత్రం కూడా ఎవరైనా ఆ మాటంటే పని వేరేవాళ్ళకి అప్పజెబుతానంది. ఈ టబ్బు లేకపోతే పొద్దెలా గడుస్తుందో ఆయనకి తెలియదు.

మధ్యాహ్నానికి కొత్త నీళ్ళు నిండి వేడెక్కాయి. కాగితం రంగు సరిగ్గానే ఉంది. చెంచా వదిలాడు. పువ్వు మాట దేవుడెరుగు, పిడే కంటికి ఆనలేదు. మోటారు ఆపి బుడగలు అణిగేదాకా ఆగాడు. మసకే. ఎక్కడ పొరపాటు జరిగిందో ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు. ఫిల్టరు మళ్ళీ కడిగాడు, నీళ్ళు మళ్ళీ మార్చాడు. నాలుగింటికి చెంచా వేస్తే అదే మసక. ఏడుపొచ్చినంత పనైంది. క్లోరిన్ డబ్బా మూత తిప్పాడు.

తువ్వాళ్ళు ఉతికే ఆవిడ మూటతో వచ్చి ఆగింది.

"మళ్ళీ ఎందుకన్నయ్యా అది?"

"నీళ్ళు తేరుకోలేదు చెల్లెమ్మా. చూడు, ఎలా ఉన్నాయో."

ఆవిడ వంగి చూసి నవ్వింది. "వేళాకోళమా? అడుగున నీ చెంచా ఉంది. దాని మీద పువ్వు కూడా కనిపిస్తోంది."

"రేకులెన్ని?"

"ఐదు."

"సరిగ్గా చూసి చెప్పు."

"ఐదే అన్నయ్యా, ఒట్టు."

ఆయన ఆవిడ ముఖం వంక చూశాడు. మసక. ఆవిరి అనుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి వీధిలోకి చూశాడు. అక్కడా ఆవిరే. ఇన్నాళ్ళూ నీళ్ళని తిట్టుకున్నాడు, దిగినవాళ్ళని తిట్టుకున్నాడు. బాగున్న నీళ్ళలో మందు గుమ్మరించి నలుగురి కళ్ళూ మండించింది తనే. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది.

డబ్బా మూత బిగించి, తాళాల గుత్తి ఆవిడ చేతిలో పెట్టాడు.

"మేనేజరమ్మకిచ్చెయ్. మసక నీళ్ళలో లేదు, నా కళ్ళలో ఉంది. ఇంకొకర్ని చూసుకోమని చెప్పు."

"అదేం మాట! డాక్టరుకి చూపించుకుంటే పోయేదానికి!"

"చూపించుకుంటాలే. అందాకా వాళ్ళ కళ్ళు మండకూడదు కదా."

ఆవిడ చెయ్యి ముంచి చెంచా తియ్యబోయింది.

"ఉండనీ చెల్లెమ్మా. రేపొచ్చేవాడికి పనికొస్తుంది."

గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం ముగ్గురు దిగారు, ఎవరి కళ్ళూ మండలేదు. వాళ్ళ పాదాల మధ్య, అడుగున, చెంచా పిడి మీద ఐదు రేకులూ విడివిడిగా కనిపిస్తూనే ఉన్నాయి.