కురమోచివారి రెండవ కన్ను

శరదవసానమునఁ బండి రాలుచున్న రక్తవర్ణపర్ణములు మార్గములఁ గప్పుచుండ యుద్ధాగ్నిదగ్ధమై మరల సౌధకిరీటధారిణి యగుచున్న తోక్యోనగరముపై అపరాహ్ణసూర్యుఁడు జ్వరపీడితునివలె వెలవెలఁబోవుచుండెను. కురమోచివారి భవనము ముంగిట జనసమూహము విజయవార్తకై వేచియుండఁగా లోపల ఆ యింటి యేకైకపుత్రిక షిజుకా ఆ వార్త రాకుండిన బాగుండునని వేలుపులకు మ్రొక్కుచుండెను.

ఏలయన, పరాజితదేశమును నిలువఁబెట్టినవారిలో నొకఁడని పేరొందిన ఆమె తండ్రి గెంజబురో నాఁడు పార్టీ నాయకత్వమునకుఁ బోటీపడుచుండెను. గెలిచినవాఁడే ప్రధానమంత్రి. అట్టివాని కుడిచేయి వేసవిలో వచ్చిన పక్షవాతమునఁ జచ్చుపడినదని తండ్రికిని కూఁతునకును ఇల్లరికమువచ్చి మామగారి యింటిపేరు ధరించిన ఆమె భర్త తోషియాకును దక్క నొరులకుఁ దెలియదు. ఎన్నికకు దిగువారు బోధిధర్ముని గుండ్రని బొమ్మకు ఒక కన్నే దిద్ది గెలిచినపిదప పదుగురియెదుట కుడిచేత రెండవకన్ను దిద్దుట అచటి ఆచారము. ఆ చేయి లేవదని ఛాయాచిత్రగ్రాహకులు కనిపెట్టిరా, గెలుపు గెలుపు కాదు, గోయి.

ఉపాయము చెప్పినవాఁడు తోషియాయే. విశాలమగు అంగీచేతి మఱుఁగున మామగారి మోచేతిని తాను పట్టి కుంచెను నడిపెద ననెను.

“మీ చేయి వణఁకదు గదా?” అని షిజుకా యడిగెను.

“చేయి వణఁకు అల్లుఁడు ఇల్లరికపుఁగూడు ఇన్నాళ్లు తినఁగలఁడా?” అని యతఁడు నవ్వెను. 

ఇంతలో వీథి దద్దరిల్లెను. గెంజబురో గెలిచెను. అనుచరులును విలేఖరులును చావడినిండఁ గ్రిక్కిఱిసిరి. తోషియా వినయావనతుఁడై సిరాలో ముంచిన కుంచెను మామగారి మృతాంగుళుల నడుమ నిఱికించి రెండడుగులు వెనుకకుఁ దొలఁగి చేతులు కట్టుకొని నిలిచెను.

వృద్ధుఁడు క్షణకాల మెదురుచూచి పెదవి కదలియుఁ గదలకుండఁ బలికెను.

“నాయనా, చేయి.”

తోషియా కదలలేదు. కుంచె జాఱి నేలఁబడెను. ప్రక్కనున్న షిజుకా తండ్రి చేతిని పట్టుకొనెను. కెమేరాలు మెఱుపులు గురిసెను.

అంతట నతఁడు కుంచెనెత్తి బొమ్మకుఁ దానే కన్నుదిద్ది మృదువుగా “మామగారు డస్సిరి. ఈ యింటిభారము ఇఁక నాది” అనెను. మొదట నొక ముసలి అనుచరుఁడు గెంజబురోవంకఁ జూచి చూపు త్రిప్పుకొని తోషియాకు వంగెను. పిమ్మట గాలికి వరిచేనువలె చావడియంతయు వంగెను.

తోషియా చూపు భార్యపై నిలిచెను. పగవాఁడు వాకిటనున్నాఁడని తలఁచి వానితోడనే లోపల గడియవేసికొనినదానివలె నున్న షిజుకా తండ్రి చల్లని చేతిని వదలకయే తన తలయు వంగుట నెఱిఁగెను. భక్తికి వంగిన తలకును భయమునకు వంగిన తలకును భేదము చూచువారికిఁ దెలియదు. నాయకులు ఆ భేద మడుగరు. రాజ్యములు నడచుట అందువలననే.