నాలుగు వేళ్ల తేడా

నా వైరు ముడి నాలుగు వేళ్లు కిందికి జరిగింది. ముడి ఎక్కడుండాలో గుర్తుగా నేనే ఎర్రదారం చుట్టుకున్నాను కాబట్టి, పొరపాటు పడే అవకాశమే లేదు.

మాది పందేల స్కిఫ్. పడవ తేలిక, తెరచాపలు కొండంత. గాలి పట్టగానే ఇద్దరమూ తెరచాప స్తంభం నుంచి వేలాడే వైరును నడుముకు తగిలించుకుని, అంచు మీద పాదాలు ఆనించి, నీళ్లపైకి వెల్లకిలా వాలాలి. చెల్లి చుక్కాని పడుతుంది, నేను తెరచాప తాళ్లు లాగుతాను. వైరు పొడవు మనిషి ఎత్తును బట్టి కడతారు; మనిషి ఎంత పొడుగైతే ముడి అంత కిందికి. చెల్లి నాకంటే పొట్టి. అంటే నా చోట్లో ఎవరో పొడుగు మనిషి వేలాడింది.

ఆదివారం ఎంపిక పందెం. జట్టులోకి ఒక్క పడవనే తీసుకుంటారు. ఎనిమిదేళ్లుగా ఆ చోటు నాది. అది పోతే నాకింకేమీ లేదు.

ఆరా తీయడం మొదలుపెట్టాను. గురువారం మాకు సెలవు, అయినా శుక్రవారం పొద్దున చెల్లి లైఫ్ జాకెట్ తడిగా ఉంది. రోజూ చీవాట్లు పెట్టే కోచ్‌గారు "కూర్చోమ్మా" అన్నారు. ఆయన మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండింది. క్లబ్బులో అందరూ నిచ్చెన అని పిలిచే కొత్త పిల్ల నన్ను చూసి తల దించుకుంది.

షెడ్డులో చెల్లి పడవ తుడుస్తోంది.

"నిచ్చెనతో వెళ్లావా?"

"వెళ్లానక్కా."

కనీసం బుకాయిస్తుందనుకున్నాను. "నా వెనకాల గోతులు తవ్వుతున్నావన్నమాట."

"ఎడమ మోకాలు నొప్పి ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావు?"

నేను బరువు కుడికాలి మీదికి మార్చుకున్నాను.

"పడవ మలుపు తిరిగేటప్పుడు ఈ అంచు నుంచి ఆ అంచుకి ఆలస్యంగా వస్తున్నావు. మొన్న అందుకే బోల్తా పడ్డాం. గాలి మారిందన్నావు, నమ్మాను. ఏదీ, దేన్నీ పట్టుకోకుండా ఒక్కసారి కూర్చుని లే."

కూర్చోవడమైతే కూర్చున్నాను. లేవలేక పడవ అంచు అందుకోబోతే చెల్లి చెయ్యి అడ్డం పెట్టింది. దాని కళ్లు చెమర్చాయి. నాకు దాని మీద కోపం పోలేదు కానీ, నా మీద నాకు సిగ్గేసింది.

"నిచ్చెన అంచు మారేటప్పుడు కాళ్లు చూసుకుంటుంది," అన్నాను నేల మీద నుంచే. "రేపు ఆరింటికల్లా రమ్మను. ఆదివారంలోపు ఆ అలవాటు మాన్పించాలి."