మారెక్క రవిక

కరువు పనిలో రోడ్డుకు కంకర కొట్టే మారెక్క బాప్తిస్మం కోసం రెండేళ్లు కాచుకుంది. మా సంఘానికి పెద్దను కాబట్టి ఆమెకు ఆజ్ఞలు, ప్రార్థన నేర్పింది నేనే. నెలకోసారి కదిరి నుంచి బస్సులో వచ్చే పాదిరిగారు ఆమెను పరీక్షించి సంతోషించారు. వెళ్తూ వెళ్తూ, వచ్చేసారి సహోదరి రవిక తొడుక్కుని రావాలని, అప్పుడే బాప్తిస్మం ఇస్తానని చెప్పారు.

మారెక్క కులంలో ఆడవాళ్లు రవిక తొడగరు. చీరనే బిగించి భుజాల చుట్టూ కప్పుకుంటారు. నా భార్య బయమ్మ తన పాత చీర చించి ఆమెకు రవిక కుట్టింది.

ఆ ఆదివారం మారెక్క మా ఇంట్లోనే దాన్ని తొడుక్కుంది. కానీ ఎంతసేపటికీ బయటికి రాలేదు. సమ్మెట ఎత్తే చేతులను ఒళ్లో దాచుకుని మూలన కూర్చుంది. మొండికేసిందనుకుని నేను వాక్యం చెప్పబోయాను.

"వాక్యం మళ్లీ చెప్పుదువులే, నాయనా," అంది. "మాలో రవిక తొడిగినదాన్ని సిగ్గులేనిదంటారు. మాయమ్మ తొడగల్యా, మా అవ్వ తొడగల్యా. ఇది ఏసుకుంటే ఒంటిమింద గుడ్డ లేనట్లుండాది నాకు. దేవుని ముందర ఇట్ల యెట్ల నిలబడేది?"

అణకువ గురించి నేను ఎన్ని ఆదివారాలు బోధించానో. నేను చెప్పింది అణకువేనా, లేక మా ఇళ్ల అలవాటా అని మొదటిసారి అనుమానం కలిగింది.

"వారం దినాలు వేళ్లు పొడుచుకుని కుట్టినా," అంది బయమ్మ. "తీసేయక్కా, పోదాం."

నేను ముందుగా గుడికి పోయి పాదిరిగారికి ఉన్నదంతా చెప్పాను. ఆయన అప్పుడే సంచిలోంచి ఆరాధనకు వేసుకునే తెల్ల నిలువుటంగీ తీస్తున్నారు. దాన్ని చేతిలో పట్టుకుని చూసుకున్నారు.

"దీన్ని నేను బస్సులో వేసుకోను, రామదాసూ," అన్నారు. "అందరూ చూస్తారని సిగ్గు. ఆమెను రమ్మను."

మారెక్క తన పద్ధతిలోనే చీర చుట్టుకుని వచ్చింది. పక్కనే బయమ్మ నిలబడింది. చెరువు ఎండిపోయి మూడేళ్లయింది. బాప్తిస్మానికి చెంబెడు నీళ్లే. అవి నెరిసిన తల మీంచి జారి భుజాల మీది చీరను తడిపాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు.

మరునాడు కంకర తట్ట మోస్తూ నాకూ బయమ్మకూ ఎదురైంది. తట్ట కింద, చుట్టకుదురుగా, ఆ రవిక.

"ఎట్లుండాదక్కా నా కుట్టు?" అని అడిగింది బయమ్మ.

"నెత్తికి మెత్తగా ఉండాది పాపా," అంటూ మారెక్క సాగిపోయింది.