వీడియోలో లేని సగం

గురజాల నుంచి కృష్ణ ఒడ్డు దాకా వాదనలో నన్ను గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. నమ్మకపోతే ఫోన్లో సాక్ష్యం ఉంది. నలభై సెకండ్ల వీడియో, పన్నెండు వేల మంది చూశారు.

అందులో ఉన్నది నేనూ, బెంజిమినూ. అక్రం టీ హోటల్లో మా ఇద్దరికీ నలభై ఏళ్ళుగా పొద్దున్నే వాదన. నాకొక పార్టీ, అతనికి దాని ఎదురు పార్టీ. నాకు గుడి, అతనికి చర్చి. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటాం కాబట్టి ఎంత మాటన్నా చెల్లేది. ఆ రోజు నేనే మొదలుపెట్టాను.

"ఏం బావా, మీ పాస్టరు గారి మైకు దెబ్బకి మా గేదె పాలు చేపటం మానేసింది. ఏందంట ఆయన గొడవ?"

బెంజిమిన్ మాట్లాడలేదు. వీడియో అక్కడితో అయిపోయింది.

తీసినవాడు మా తమ్ముడి కొడుకు ఫణీంద్ర. ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు, మా పార్టీ వాట్సాప్ గ్రూపు నడుపుతాడు. "మా పెదనాన్న దెబ్బకు నోరు మూసిన బెంజిమిన్" అని పేరు పెట్టి వదిలాడు. సాయంత్రానికి దాని కింద బెంజిమిన్‌కు, అతని భార్య సలోమికి, వాళ్ళ దేవుడికి, వాళ్ళ పార్టీకి తిట్లే తిట్లు. అవతలి గ్రూపు వాళ్ళు ఊరుకుంటారా? నన్నూ, మా గుడినీ, ఏ పాపం తెలియని మా గేదెనూ తిట్టారు. ఇంత తిట్టుకున్నారు గదా, మైకు సంగతి ఒక్కడూ ఎత్తలేదు.

బెంజిమిన్ హోటలుకు రావడం మానేశాడు.

అతను ఆ క్షణం మాట్లాడకపోయింది నోట్లో వేడి టీ ఉండబట్టి. మింగాక ఒక మాటన్నాడు. అది చెబితే నా గొప్ప పోతుంది. దారిలో ఎదురైనవాళ్ళు దండాలు పెడుతుంటే బాగానే ఉంది, నేనూ చెప్పలేదు.

మార్చి నెల, కల్లంలో అందరి మిరపకాయలూ ఎండుతున్నాయి. మా కల్లంలో పాత కట్టుబాటు ఒకటుంది. చినుకు పడితే దగ్గరున్నవాడు ఎవరి రాశి అని అడక్కుండా పట్టా కప్పాలి. తడిస్తే కాయ తెల్లబడి తాలైపోతుంది, ఏడాది కష్టం మట్టిపాలు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. బెంజిమినూ సలోమీ కంటి పరీక్షకు నరసరావుపేట వెళ్ళారు. అన్ని రాశుల మీదా పట్టాలు పడ్డాయి, అతనిది తప్ప. దాని చుట్టూ నలుగురు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు.

"ఒరేయ్ ఫణీ, అది కప్పరేందిరా?"

"ముట్టుకుంటే కాయ ఎత్తుకుపోయామని వాళ్ళ గ్రూపులో పెడతారు పెదనాన్నా."

"ముట్టుకోకపోతే?"

"కావాలని తడిపామని పెడతారు. అందుకే మనోళ్ళెవరూ దగ్గరికి పోలేదని సాక్ష్యం తీస్తన్నా."

"మరి వాళ్ళ పార్టీ వాడు, ఆ పక్కన వాడేం తీస్తన్నాడు?"

"మనం కప్పలేదని."

వాన పెరిగేసరికి ఫోన్లు తడుస్తాయని షెడ్డు కిందికి ఉరికారు. నాకు డెబ్బై రెండేళ్ళు. నలభై అడుగుల పట్టాను ఒక్కణ్ణే ఈడ్చి కప్పాను. అప్పటికే ఒక వైపు నాలుగు బస్తాల కాయ తడిసిపోయింది.

సాయంత్రం బెంజిమిన్ వచ్చి తడి కాయ ఏరుతూ కూర్చున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"కప్పావంటగా, మంచిదే," అన్నాడు తలెత్తకుండా. "కాయ పోతే వచ్చే ఏడు పండుద్ది. సలోమి కుళాయి కాడికి పోతే నోరు మూసినోడి పెళ్ళాం వచ్చిందంటన్నారు. నేనేమన్నానో విన్నోడివి, నువ్వెందుకు చెప్పలా?"

"గెలిచినట్టుంటే బాగుంది బావా."

"నలభై ఏళ్ళలో ఒక్కసారన్నా గెలిచావా నా మీద?"

"లేదు."

నిజం అదే. ఒక్కసారి కూడా లేదు. అక్కడే కూర్చుని మా గ్రూపులో వాయిస్ పెట్టాను.

"నేను మల్లికార్జునరావును. ఆ రోజు బెంజిమిన్ బావ టీ మింగి ఏమన్నాడంటే, మీ గుడి మైకుకి నీ గేదెకు చెవుడొచ్చి చానా కాలమైంది, మా మైకు దానికి వినపడే దారే లేదన్నాడు. నవ్వాపుకోలేక నా ముక్కులోంచి టీ వచ్చింది. గెలిచింది అతను."

ఐదు నిమిషాల్లో నన్ను అమ్ముడుపోయినవాడన్నారు. ఆరో నిమిషంలో ఫణీంద్ర నన్ను గ్రూపులోంచి తీసేశాడు. అవతలివాళ్ళు అంతకంటే ఘనులు. "గెలిచింది అతను" అన్న ముక్క ఒక్కటే కోసుకుని, దానికి తిట్లు తగిలించి ఊరంతా తిప్పారు. మొత్తం పెట్టండయ్యా అని బెంజిమిన్ అడిగితే అతన్నీ తీసేశారు. కుళాయి కాడ సలోమిని ఆ మాట అన్నవాళ్ళు ఇప్పటిదాకా నోరు విప్పి తప్పయిందనలేదు. ఇంత చదువులు చదివి, ఒక వాదన చివరిదాకా వినే ఓపిక లేదు వీళ్ళకు.

మర్నాడు బెంజిమిన్ హోటల్లో నా ఎదురుగా కూర్చుని, "గేదె ఎట్టుంది బావా?" అన్నాడు. ఆ పూటా నేనే ఓడాను.

ఇందులో ఒకటి మాత్రం కల్పించాను. పట్టా ఒక్కణ్ణే ఈడ్చలేదు, నా నడుము అంత పని చెయ్యదు. షెడ్డులోంచి తిరిగొచ్చి రెండో కొస పట్టుకున్నవాడు ఫణీంద్ర. "నేను పట్టుకున్నానని ఎక్కడా అనమాక పెదనాన్నా, గ్రూపులో బతకనియ్యరు," అన్నాడు. ఇక్కడ చెప్పినా వాడికి ప్రమాదం లేదులెండి. ఆ గ్రూపులో ఇంత పొడుగు కథ చదివేవాడు ఒక్కడూ లేడు.