మూతి దాకా

"అన్నా, నీ సీసాలు పేలుతున్నయ్" అని కొండగట్టు దుకాణం నుంచి అఫ్సర్ ఫోన్ చేస్తే, కోరుట్లలో కూల్‌డ్రింకులు తయారుచేసే కరుణాకర్‌కు "చాలుతున్నయ్" అని వినిపించింది.

"సంతోషం తమ్మీ."

"ఏంది సంతోషం? గాజుపెంకు కంటి కింద గుచ్చుకున్నది."

కరుణాకర్, సీసాలు నింపే పనిలో తోడుండే తన తండ్రి సమ్మయ్యను బండెక్కించుకుని కొండగట్టుకు పరుగెత్తాడు. అఫ్సర్ చెంపకు కట్టు ఉంది. మిగిలిన సీసాలన్నీ మూతి దాకా నిండి ఉన్నాయి.

"బాపూ, మిషన్ పోసినంక మల్ల నింపినవా?"

"నింపిన కొడుకా. జిందగంత కల్లు పోసిన. వెలితి సీసా ఇస్తె మోసమంటరు."

కల్లు పోసిన అలవాటు అఫ్సర్ కళ్ల మీదికే వచ్చింది. ఇట్లా నింపిన సీసాలే సిరిసిల్ల, మల్లాపూర్ దుకాణాల్లోనూ ఎండకు కాగుతున్నాయి. కరుణాకర్ ఒక్కొక్కరికీ ఫోన్ కలిపాడు.

"సీసాలు ముట్టకుండ్రి. మనుషులను దూరం జరుపుండ్రి. లేబుల్ మీద రెండువందల యాభై మిల్లీలీటర్లని ఉన్నదా, గంతే పొయ్యాలె. పైన ఖాళీ మోసం కాదు, ఎండకు లోపలిది ఉబ్బితె దానికి జాగ. మా బాపు గా జాగ గూడ నింపిండు."

అవతలివాళ్లకు సరిగా వినబడిందో లేదోనని, ప్రతి మాటా వాళ్లతో తిరిగి చెప్పించుకున్నాడు.