ఎర్రమ్మ ఎత్తు బంగారం

నేను ఒక బరువు మిషన్‌ని. పైన ఇనుప పలక, లోపల స్ప్రింగు, అద్దం కింద ఎర్ర ముల్లు, అంతే నా ఒళ్లు. కానీ నా దగ్గర నిజం దాచగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ఊపిరి బిగబట్టండి, చెప్పులు విప్పండి, జేబులో తాళాలు తీసి పక్కన పెట్టండి. నా మాట నాదే.

నన్ను కొన్నది హనుమకొండలో బట్టల షాపు చక్రపాణి. కొన్న కొత్తలో రోజూ పొద్దున్నే ఎక్కేవాడు. తర్వాత "ఈ మిషన్ ఖరాబైంది" అని తేల్చేసి మంచం కిందికి తోసేశాడు. పెరిగింది ఆయన పొట్ట, ఖరాబైంది నేను! ఆయన మరదలు శోభారాణి బడిలో ఆటల టీచరు. సెలవులు వస్తే చాలు, డాక్టర్ మక్సూద్ గుట్టల మీద పెట్టే వైద్య శిబిరాల్లో ఉచితంగా పనిచేసేది. శిబిరానికి మిషన్ కావాలని ఆమె అడగడమే ఆలస్యం, చక్రపాణి నన్ను తుడిచి మరీ ఇచ్చేశాడు.

ఆ వానాకాలం జీపు గుట్ట కిందే ఆగిపోయింది. శోభారాణి నన్ను నెత్తిన పెట్టుకుని నడిచింది. అందరూ నన్ను ఎక్కేవాళ్లే, నేను ఒకరి నెత్తికెక్కడం అదే మొదలు. పైన కోయగూడెంలో అంగన్‌వాడీ వరండాలో నన్ను దించారో లేదో, "బంగారం తూసే కాటా వచ్చింది" అంటూ జనం ఎగబడ్డారు. బంగారమంటే బెల్లం. కోరిక తీరినవాళ్లు జాతరలో తమ ఎత్తు బెల్లం తూయించి అమ్మవారికి ఇచ్చుకుంటారు. మోకాళ్ల నొప్పులకు మందు కోసం వచ్చినవాళ్లు కూడా ముందు నన్నెక్కి, తమకెంత బెల్లం పడుతుందో చూసుకుని మురిసిపోయారు.

ఎర్రమ్మ ఒక్కతే మొండికేసింది. ఆమె చంకలో మనవరాలు నాగులు మలేరియా జ్వరంతో కాలిపోతోంది. బరువు తెలిస్తేగాని ఎంత మందు వెయ్యాలో తేలదు.

"జరం తగ్గినంక పిల్లను తూపిస్తనని అమ్మకు మొక్కిన బిడ్డా. మొక్కు తీరకముందే కాటా ఎక్కిస్తే అమ్మ ఊకుంటదా?" అంది.

"అందాజగ వెయ్యలేను అవ్వా. పిల్ల వయసుకు మరీ సన్నగుంది. మందు ఎక్కువైతే ముప్పు, తక్కువైతే జ్వరం పోదు," అన్నాడు డాక్టరు.

ఎర్రమ్మ పిల్లను ఇంకా గట్టిగా హత్తుకుంది. నాగులు తల వాల్చేసింది, ఏడవను కూడా ఓపిక లేదు. నా మీద నాకే కోపం వచ్చింది. ఎవరో ఒకరు ఎక్కితే తప్ప నోరు పెగలని బతుకు నాది!

శోభారాణి ఎర్రమ్మ పక్కన చతికిలబడింది. "సరే, నాగులును తూయొద్దు. నీకైతే మొక్కు లేదు గదా?"

"ఈ వయసుల నాకేం మొక్కుంటది?"

"అయితే నువ్వెక్కు. పిల్లను మాత్రం దింపకు, బెదురుతది."

ఎర్రమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది. అంత అమాయకురాలేం కాదు. చంకలో పిల్లతోనే ఎక్కింది. దిగి, పిల్లను శోభారాణికి అందించి, ఈసారి ఒక్కతే ఎక్కింది. రెండు తూకాల తేడా చూసి డాక్టరు మందు కలిపాడు. నాగులు గుటక వేసింది.

అప్పుడు ఎర్రమ్మ అమ్మవారిని తలుచుకుని చేతులు జోడించింది. "తల్లీ, కాటా ఎక్కింది నేను, పిల్ల గాదు. చూసినవ్ గద, యాదికుంచుకో."

శోభారాణి నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

నాగులు బతికింది. శిబిరానికి కొత్త మిషన్ రాగానే ఎర్రమ్మ డాక్టరును అడిగి నన్ను ఉంచేసుకుంది. ఇప్పుడు నేనుండేది ఆమె ఇంట్లో, జొన్నల గంప పక్కన. స్ప్రింగు సాగిపోయింది, ఎవరూ ఎక్కకపోయినా ముల్లు కాస్త పైనే ఉంటుంది. ఒంట్లో సత్తువ ఉండగా చేసిన ఆఖరి తూకం మాత్రం జాతర ఏట, మొక్కు చెల్లించిన రోజుది. శోభారాణి కూడా వచ్చింది. నాగులు గెంతుతూ ఎక్కింది, ముల్లు నిలబడితే ఒట్టు. దాని ఎత్తు బెల్లం దిమ్మలు పక్కన పేర్చారు. అంతా అయిందనుకుంటే, ఎర్రమ్మ కొంగు బిగించి తానూ ఎక్కింది.

"నువ్వెందుకవ్వా? నీకు మొక్కు లేదంటివి గదా?" అంది శోభారాణి.

"ఆ దినం కాటా ఎక్కింది నేనేనని అమ్మకు చెప్పిన," అంది ఎర్రమ్మ. "ఇంకిన్ని దిమ్మలు తేపో బిడ్డా."