బుడే తాత కట్టిన ధాన్యపు కొట్టు

మేస్త్రీ అన్నవాడికి సొంత ఇల్లు ఉండకూడదని ఎవరైనా శాపం పెట్టారేమో నాకు తెలియదు. రెండు వేల నాలుగు నాటికి మా ఊళ్ళో పదిహేడు డాబాలు నా చేతి మీద లేచాయి. నేనూ నా భార్య నజ్మీనూ మాత్రం ఇంకా తాటాకు ఇంట్లోనే ఉన్నాం. వాన పడితే గిన్నెలన్నీ తెచ్చి ఇంటి నిండా పరిచేవాళ్ళం.

"ఊరందరికీ గోడలు లేపుతావు. నాకు మాత్రం గిన్నెలు జరిపే పని పెట్టావు" అని నజ్మీన్ అనని వానాకాలం లేదు. అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆమె చెప్పింది నిజం కాకపోతే అంత మండేది కాదు.

అలాంటి రోజుల్లో, ఒక ఏప్రిల్‌లో, కమతం నుంచి కబురొచ్చింది.

కమతం అంటే ఊరికి దక్షిణాన కోటిరత్నమ్మగారి పొలమూ, దాని మధ్యనున్న పాత కట్టడాలూ. ఒకప్పుడు మూడు వందల ఎకరాలు ఉండేదట. నేను చూసేనాటికి అరవై మిగిలింది. పొలం కరిగింది గాని కట్టడాలు కరగలేదు. గేటు దాటగానే ఎడమవైపు నలభై ఎడ్లు పట్టే చావిడి. దాని రాతి స్తంభాలకు ఎడ్లు మెడలు రుద్దీ రుద్దీ నునుపు చేసేశాయి. కుడివైపు పొగాకు కాల్చే బ్యారన్. రెండంతస్తుల ఎత్తున్న ఇటుక గది అది. పొగాకు వేయడం మానేసిన ఏడాది దాని పొయ్యి ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు.

ఈ రెండింటికీ నడుమ ధాన్యపు కొట్టు. మూడడుగుల రాతి అరుగు మీద అరవై అడుగుల పొడవున, గూనపెంకుల కప్పుతో ఉంటుంది. పేరుకి ధాన్యపు కొట్టేగాని అందులో దాచేది మిర్చి. గోడ అడుగున వరసగా కంతలు, చూరు కింద మళ్ళీ కంతలు, ఎలుక దూరకుండా వాటికి ఇనప ఊచలు. కింద నుంచి గాలి దూరుతుంది, పై నుంచి వేడి పోతుంది. ఏప్రిల్ ఎండలో లోపలికి వెళితే మిర్చి ఘాటుకి తుమ్ములు వస్తాయేగాని చెమట పట్టదు.

దాన్ని కట్టింది మా తాత బుడే మేస్త్రీ. గానుగకు ఎద్దుని కట్టి సున్నం నూరించేవాడట. నూరిన సున్నం వారం నానితేగాని తాపీ ముట్టుకునేవాడు కాదని మా నాయన చెప్పేవాడు. నేను సిమెంటు కాలం వాణ్ణి. పిల్లర్లు, స్లాబు, పొద్దున కలిపిన మాలు మధ్యాహ్నానికి అయిపోవాలి. తాత పని మీద నాకు గౌరవం ఉండేదిగాని తాత పని తెలియదు. తెలియదన్న సంగతి కూడా అప్పటికి తెలియదు.

కబురు పంపింది కోటిరత్నమ్మగారి అబ్బాయి శ్రీకృష్ణగారు. చేతులు కట్టుకుని కొట్టు ముందు నిలబడి ఉన్నారు.

"నజీర్, ఈ గోడ లోపలికి ఒరిగినట్టు నాకు అనుమానంగా ఉంది. లోపల టిక్కీలు పేర్చే కూలీలు తిరుగుతుంటారు. ఎవరి మీదన్నా పడితే నాకు జన్మలో నిద్ర పట్టదు. తూకం వేసి చెప్పు. ఒరిగితే పడగొట్టేసి రేకుల షెడ్డు వేద్దాం."

టిక్కీలంటే మిర్చి తొక్కి కుట్టిన గోతాలు. గోడ కనపడకుండా చూరు దాకా పేర్చి ఉన్నాయి. లోపల దారం వదిలే సందు లేదు. అందుకని బయటి వైపే నిచ్చెన వేసి, పైన గోడకి జానెడు దూరంలో, గోడ నిలువు చూసే తూకం గుండుని దారంతో వదిలాను. దారం దిగీ దిగీ గోడ అడుగున ఇటుకని తాకింది. అంటే గోడ జానెడు ఒరిగిందన్నమాట. ఎదుటి గోడకీ వేశాను. అదీ అంతే, జానెడు.

ఎదురెదురు గోడలు రెండూ కూడబలుక్కున్నట్టు ఒకే కొలత ఎలా ఒరుగుతాయని బుర్ర ఉన్నవాడు అడగాలి. నా బుర్ర అప్పటికే వేరేచోట ఉంది. పాత కట్టడం పడగొడితే కలప ఆసామికి, ఇటుకలు కూల్చిన మేస్త్రీకి. మా వైపు అది వాడుక. సున్నంతో కట్టిన ఇటుక ఒక్క దెబ్బకి శుభ్రంగా ఊడివస్తుంది. నేను గోడ వైపు చూస్తున్నానేగాని, కనపడుతున్నది మా ఇల్లు.

"ఒరిగిందండీ. నల్లరేగడి నేల కదా, కదిలి ఉంటుంది" అన్నాను.

చావిడి అరుగు మీద నుంచి కోటిరత్నమ్మగారు కేకేసింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, గొంతుకి మాత్రం ముప్పై.

"ఏరా నజీరూ! మీ తాత కట్టిన గోడ ఒరిగిందంటావురా? డెబ్బై ఏడు తుఫానుకి సగం ఊరు అందులోనే తలదాచుకుంది. నువ్వు చిరిగిన నిక్కరుతో మా పప్పుచారు తాగి అక్కడే పడుకున్నావు."

"గుండు అబద్ధం చెప్పదమ్మగారూ."

"గుండు చెప్పదు. గుండు పట్టుకున్నవాడి సంగతేమిటి?"

ఆ మాటకి నాకు పౌరుషం వచ్చింది. పని తెలియనివాళ్ళకు ఏం చెబుతామని గొణుక్కుంటూ వచ్చేశాను. ఆమె నాతో మాట్లాడడం మానేసింది.

ఇంటికొచ్చి నజ్మీన్‌కి చెప్పాను. ఆ సాయంత్రమే సున్నపు పొడి తెచ్చి మా ఖాళీ స్థలంలో ఇల్లు గీసింది. రెండు గదులు, ఒక వరండా. వంటింటి కిటికీ మూడుసార్లు మార్చింది. మొదట తూర్పుకి, తర్వాత వీధి వైపుకి, చివరికి మళ్ళీ తూర్పుకే. గీతలు గాలికి చెదిరితే మర్నాడు మళ్ళీ గీసేది. రెండు నెలలు అలాగే గడిచాయి. ఆ రెండు నెలల్లో ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. నాకు అదే పెళ్ళిరోజుల్లా ఉంది.

జూన్‌లో టిక్కీలన్నీ లారీలెక్కి గుంటూరు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాయి. కొట్టు ఖాళీ అయింది. పేరయ్యనూ ఇంకో ముగ్గురినీ తీసుకుని వెళ్ళాను. పేరయ్య నాకంటే పదేళ్ళు పెద్ద, నాతో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాడు. మధ్యాహ్నానికి సగం కప్పు పెంకులు దించాం. కోటిరత్నమ్మగారు చావిడి అరుగు మీదే, కొట్టు వైపు వీపు పెట్టి, చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

అన్నం వేళకి వాళ్ళు నలుగురూ వేపచెట్టు కిందికి వెళ్ళారు. నేను నీడ కోసం కొట్టు లోపలికి వెళ్ళాను. మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. తూకం గుండుని నేల మీద పెట్టకూడదు. తాత నుంచి నాయనకి, నాయన నుంచి నాకు వచ్చింది. తినేటప్పుడైనా సరే, ఎక్కడో ఒకచోట వేలాడదీయాల్సిందే. గోడకి పైన పాత మేకు ఒకటి కనిపించింది. పెంకుల దొంతర ఎక్కి దానికి గుండు తగిలించి, కిందికి దిగి క్యారేజీ విప్పాను.

ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది.

దారం గోడ వెంబడే నిలబడి ఉంది. మేకు దగ్గర రెండు వేళ్ళ ఎడం. నడుమ రెండు వేళ్ళు. నేల దగ్గరా అవే రెండు వేళ్ళు. గుండు ఊగడం ఆగేదాకా చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. మేకు వంకరేమోనని ఇంకో మేకుకి వేశాను. ఎదుటి గోడకీ వేశాను. అంతా రూళ్ళకర్రతో గీసినట్టే ఉంది.

తలుపు దగ్గరికి వెళ్ళి గోడ మందం కొలిచాను. పైన రెండడుగులు. అడుగున జానెడు ఎక్కువ. అప్పుడు తెలిసింది. ఇంతింత సరుకు లోపల పేరిస్తే దాని బరువు గోడని బయటికి తోస్తుంది. అందుకని తాత అడుగు మందంగా పెట్టి, బయటి వైపు పైకి పోనుపోను సన్నం చేశాడు. లోపలి వైపు మాత్రం నిలువుగా కట్టాడు. ఒరిగింది గోడ కాదు, నా తెలివి.

సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు మాత్రం భయమే వేసింది. చెబితే ఇల్లు పోయినట్టే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బయట పేరయ్య నవ్వులు వినపడుతున్నాయి. సాయంత్రానికి గోడ మీద గునపం పడితే ఇక దారం వేసి చూసేవాడే ఉండడు. నజ్మీన్ గీసిన కిటికీ కళ్ళ ముందు కదిలింది. గుండు తీసి చేతిలో పట్టుకున్నాను. అది తాత గుండే, ఇత్తడిది. క్యారేజీ మూతపెట్టి బయటికి నడిచాను.

"అమ్మగారూ, గోడ ఒరగలేదండీ. నేను బయటి నుంచే చూశాను. లోపల చూడకుండా చెప్పాను. తప్పు నాదే."

కోటిరత్నమ్మగారి చెయ్యి చింతపండులోనే ఆగిపోయింది. కొడుకుని కేకేసింది. నేను గుండు మళ్ళీ మేకుకి తగిలించాను. శ్రీకృష్ణగారు వచ్చి దారానికీ గోడకీ మధ్య తన వేళ్ళే పెట్టి పైనా కిందా చూసుకున్నారు. పేరయ్య అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చి, "ఓరి నీ మేస్త్రీతనం! పొద్దుటి నుంచీ మా నడుములు విరగ్గొట్టావు కదయ్యా" అని అరిచాడు.

ఆమె మెల్లగా లోపలికి వచ్చి గోడ మీద అరచెయ్యి ఆనించింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా తిట్లు.

"నా మాట వినకుండా రెండు నెలలు నా ప్రాణం తోడేశారు కదరా ఇద్దరూ. ఏం చూస్తున్నావు? ఎక్కు! వాన వచ్చేలోగా పెంకులన్నీ మళ్ళీ పేర్చు. కూలీ అడిగావంటే నీ తాపీతో నిన్నే కొడతా."

"అడగనండి."

నజ్మీన్‌కి చెప్పడం ఇంకా కష్టమైంది. మొత్తం విని ఒకటే అడిగింది.

"చెప్పకపోతే ఎవరికన్నా తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరి?"

"నాకు తెలిసిపోయిందిగా."

ఆమె చీపురు తీసుకుని స్థలంలోకి వెళ్ళి గీతలన్నీ ఊడ్చేసింది. రెండు రోజులు కూరలో ఉప్పు లేదు, ఇంట్లో మాట లేదు. మూడో రోజు తొలకరి పడింది. అడగకుండానే గిన్నెలన్నీ నేనే జరిపాను. అప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. "ఇంత పెద్ద మేస్త్రీకి గోడకి రెండు వైపులుంటాయని తెలియదా!" అని కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకి నా మీద నుంచి బండ దింపినట్టయింది.

వాన వెలిశాక, కొట్టు మీద ఆఖరి పెంకు పేర్చి దిగుతుంటే కోటిరత్నమ్మగారు పిలిచింది.

"ఆ బ్యారన్ చూడరా. పొయ్యి వైపు బీటలిచ్చింది. దానికి తూకం వెయ్యి. ఈసారన్నా లోపలా బయటా రెండు వైపులా వేసి చావు."

వేశాను. రెండు వైపులా రెండేసిసార్లు. అది నిజంగానే ఒరిగింది, లోపలా బయటా కూడా.

"అయితే పడగొట్టుకో. ఇటుకలు నీవేగా."

ఆ ఇటుకలు రెండు గదులకు చాలలేదు. ఒక గదీ, వంటిల్లూ, వరండా అయ్యాయి. వంటింటి కిటికీ తూర్పుకే పెట్టాను. ఏళ్ళ తరబడి పొగాకు కాలిన గోడలు కదా, వాన పడితే ఇల్లంతా చుట్ట వాసన వేస్తుంది. నజ్మీన్ తిడుతుంది, తర్వాత ఊపిరి గట్టిగా పీల్చుకుంటుంది. గోడలు తాత కట్టినట్టే కట్టాను. లోపల నిలువు, బయట అడుగు మందం, పైకి సన్నం. ఈ ఇంట్లో టిక్కీలు పేర్చేదేముంది, అవసరం లేదని నాకూ తెలుసు. నేర్చుకున్న పని చేతిలో ఊరుకోలేదు.

గృహప్రవేశానికి కోటిరత్నమ్మగారు శ్రీకృష్ణగారి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆమె చెప్పులు విప్పుకుంటుంటే శ్రీకృష్ణగారు వాకిట్లోనే ఆగి తల పక్కకి వంచారు.

"నజీర్, ఏమనుకోకు. నీ ఇంటి గోడ లోపలికి ఒరిగినట్టుందే?"

నేను నోరు తెరిచేలోపే నజ్మీన్ గుమ్మంలోకి వచ్చింది. గది లోపల మేకుకి తాత గుండు వేలాడుతోంది.

"లోపలికి వచ్చి చూడండి బాబుగారూ" అంది నా వైపు చూస్తూ. "బయట నుంచి చూసి చెప్పేవాణ్ణి ఇంట్లో ఒకణ్ణి పెట్టుకున్నాను, చాలు."